నీళ్లు పొంగని చిత్తడి: ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’ మీద రెండు మనసులు

2018 అక్టోబరు 26న రాక్‌స్టార్ సంస్థ ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’ను విడుదల చేసింది. పత్రికల సమీక్షలన్నీ పోగేసి సగటు మార్కు కట్టే మెటాక్రిటిక్‌లో దానికి 97 వచ్చింది. 2024 నాటికి ఆరు కోట్ల కాపీలు దాటి అమ్ముడుపోయింది. వీడియో గేముల్లో ఇంతటి ఏకగ్రీవం అరుదు. అయినా ఈ ఆట కొసదాకా ఆడినవాళ్లను కదిపి చూడండి. ముందు ‘అబ్బ, ఏం లోకం!’ అంటారు. కాసేపాగి ‘కానీ’ అంటారు. ఆ ‘కానీ’ తర్వాత వచ్చేది మనిషికో రకం. ఒకరికి ఆట మరీ నత్తనడక. ఒకరికి మీటలు అడ్డదిడ్డం. ఇంకొకరికి కథను నడిపే మిషన్లు ముక్కుతాళ్లు. కొందరు యాభై గంటలు ఆడి, మధ్యలో వదిలేసి, ఆ సంగతి బయటికి చెప్పుకోవడానికి మొహమాటపడుతుంటారు. పొగడ్త ఒకే గొంతుతోనూ ఫిర్యాదు పది గొంతులతోనూ వినిపిస్తున్నప్పుడు, ఆ పదీ ఒక్కచోటునుంచే పుడుతున్నాయా అని వెతకాలి. ఒక్కచోటునుంచే అని నా అనుమానం.

నేను ఈ ఆటను చూసేది మండవల్లి నుంచి. గుడివాడ నుంచి భీమవరం వెళ్లే రైలుకు కైకలూరు కన్నా ముందు తగిలే ఊరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి మారాం. ఉత్తరాన కొల్లేరు. ఈ చిరునామాకు ఇక్కడ పని ఉంది. ఆటలో నన్ను ఎక్కువ పట్టి ఉంచిందీ, ఎక్కువ చికాకు పెట్టిందీ మంచుకొండలు కావు, పశువుల మందలు తిరిగే పచ్చికబయళ్లూ కావు. నీళ్లూ రెల్లూ కొంగలూ ఉన్న ఆగ్నేయ మూల.

ముందుగా మా వైపు ‘గేమ్’ అంటే ఏమిటో చెప్పాలి. 2020 సెప్టెంబరులో కేంద్రం పబ్‌జీని నిషేధించింది. అదే నెలలో రాష్ట్ర ప్రభుత్వం ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను ఆపాలని నిర్ణయించింది. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఆపుతూ పార్లమెంటు చట్టం చేసింది. కాబట్టి కొడుకు రాత్రిపూట లాప్‌టాప్ ముందు కూర్చుంటే తండ్రి మొదట అడిగేది ‘ఎంత పోగొట్టావురా?’ అనే. ఒకసారి కొనుక్కుని, ఒంటరిగా, నెలల తరబడి ఒక నవల చదివినట్టు ఆడే ఆట కూడా ఒకటుంటుందని ఆయనకు చెప్పి ఒప్పించడం కష్టం.

అయితే ఆట లోకమంతా ఇష్టమొచ్చినట్టు తిరగనిచ్చే ఓపెన్ వరల్డ్ అనే రకం మా పిల్లలకు కొత్త కాదు. 2002 నాటి ‘జీటీఏ వైస్ సిటీ’, 2004 నాటి ‘శాన్ ఆండ్రియాస్’ ఏలూరు, తాడేపల్లిగూడెం, భీమవరం నెట్ సెంటర్లలో, ఆ తర్వాత ఇంజనీరింగు కాలేజీ హాస్టళ్లలో, హార్డ్ డిస్కు నుంచి హార్డ్ డిస్కుకు పాకాయి. వాటిని ఎలా ఆడేవాళ్లో గుర్తు చేసుకుంటే ఒక సంగతి తేలుతుంది. మిషన్లు ఆడేవాళ్లు తక్కువ. పాత్రలు మాట్లాడే ఇంగ్లీషు సగం అర్థమయ్యేది కాదు. ఇవాళ ఆడి దాచుకున్న ఆటను రేపు అదే కంప్యూటర్ మీద కూర్చున్న ఇంకో కుర్రాడు చెరిపేసేవాడు. కథ ముందుకు సాగే వీలే లేదు. అందుకని చీట్ కోడ్లు కొట్టడం, దొరికిన కారెక్కడం, ఊరంతా తిరగడం, పోలీసుల్ని వెంటేసుకోవడం, సముద్రంలో దూకడం. గంట అయిపోగానే లేచి డబ్బులిచ్చి ఇంటికి పోవడం. ఓపెన్ వరల్డ్ అంటే మాకు మొదటినుంచీ కథ అక్కర్లేని తిరుగుడే. ఆ అలవాటుతో ఎదిగిన తరం ‘రెడ్ డెడ్ 2’ ముందు కూర్చుంటే ఏమవుతుందన్నది ఈ వ్యాసంలో సగం.

దానికంటే ముందు గుమ్మం దగ్గరే ఒక వడపోత ఉంది. 2019 నవంబరులో వచ్చిన కంప్యూటర్ కూర్పుకు డిస్కులో 150 జీబీ ఖాళీ కావాలి. సెకనుకు 15 మెగాబిట్ల కనెక్షన్ మీద అంత సరుకు దిగడానికి ఎక్కడా ఆగకుండా 22 గంటలు దాటుతుంది. మధ్యలో కరెంటు పోదని ఎవరు హామీ ఇస్తారు? ఆరు జీబీల జీటీఎక్స్ 1060 స్థాయి గ్రాఫిక్స్ కార్డు ఉంటే మంచిదని సంస్థే చెప్పింది. కాలేజీ పనికని కొన్న లాప్‌టాప్‌లలో అది ఉండదు. ఇంతే పొగడ్త పొందిన ‘జెల్డా: బ్రెత్ ఆఫ్ ద వైల్డ్’ పరిస్థితి మరీ దూరం. దాన్ని చేసిన నింటెండో తన స్విచ్‌ను మన దేశంలో అధికారికంగా అమ్మనే లేదు. ప్రపంచం మెచ్చిన ఆటల జాబితాలో మనవాళ్లు చాలావాటిని ఎవరో ఆడుతుంటే యూట్యూబులో చూడటమే. చూసినవాడికి ఆట నెమ్మది తెలియదు. వీడియో చేసేవాడు ఖాళీ దారుల్ని కత్తిరించేస్తాడు కదా.

ఆ ఖాళీ దారులే ఈ ఆటకు ప్రాణం. కథ 1899లో మొదలవుతుంది. డచ్ వాండర్ లిండ్ అనే ముఠా నాయకుడు, అతని కుడిభుజం ఆర్థర్ మోర్గన్, వెనకాల పిల్లా పాపలతో ఇరవైమందికి పైగా జనం. చట్టం తరుముతుంటే మంచుకొండల నుంచి పచ్చిక బయళ్లకు, అక్కడినుంచి దక్షిణాదికి దిగుతూ పోతారు. మనం ఆర్థర్. గుర్రం మీద ఒక ఊరినుంచి ఇంకో ఊరికి వెళ్లాలంటే నిజంగానే స్వారీ చేయాలి. దారిలో గుర్రానికి మేత పెట్టాలి, ఒళ్లు తోమాలి. తుపాకీ తుడుచుకోవాలి. వేటాడిన జింక తోలు ఒలిచేటప్పుడు ఆ ఒలుపంతా కళ్లముందు జరుగుతుంది. చంపి వదిలేసిన కళేబరం రోజులు గడిచేకొద్దీ కుళ్లుతుంది. సొరుగులో ఉన్న డబ్బా తీసుకోవాలన్నా చెయ్యి చాచి, పట్టుకుని, సంచిలో వేసుకోవడం చూడాల్సిందే. సుమారు రెండు వందల జాతుల జంతువులూ పక్షులూ ఉన్నాయి. చలిలో మగ గుర్రం వృషణాలు ముడుచుకుంటాయని విడుదలకు ముందే ప్రపంచమంతా చెప్పుకుంది. ఆ పనికి జీతమిచ్చి ఒక మనిషిని కూర్చోబెట్టారన్న ఆలోచన వస్తే నవ్వాలో దండం పెట్టాలో తెలియదు.

ఆ నెమ్మదిని తప్పుపట్టేవాళ్లతో నేను ఏకీభవించను. నెమ్మది వల్లే దూరానికి బరువొచ్చింది. ఆట పటం మొత్తం కలిపి, ఆటగాళ్లు కొలుచుకున్న లెక్క ప్రకారం, సుమారు 75 చదరపు కిలోమీటర్లు. కొల్లేరు అభయారణ్యం ఒక్కటే 308 చదరపు కిలోమీటర్లు. అంటే నాలుగు ‘రెడ్ డెడ్’ లోకాలు మా చెరువులో పడతాయి. అయినా ఆడుతున్నప్పుడు అది అమెరికా సగం ఖండమంత అనిపిస్తుంది. నడక నెమ్మదిగా ఉంటేనే చిన్న చోటు పెద్దదవుతుందని ఈ ఆట చేసినవాళ్లకు తెలుసు. పనిలేకుండా తిరగడానికి ఇంత మర్యాద ఇచ్చిన ఆట నాకు ఇంకోటి తెలియదు.

లెమోయిన్ అనే రాష్ట్రంలో, న్యూ ఆర్లీన్స్ నమూనాగా కట్టిన సెయింట్ డెనిస్ నగరానికి పైన, బయూ న్వా అనే చిత్తడి ఉంది. నీళ్లలో గుంజల మీద నిలబెట్టిన ఇళ్లతో లాగ్రాస్ అనే చిన్న పల్లె. తెల్లవారుజామున పొగమంచు నీళ్లమీద పాకుతుంటే, పడవ ముక్కు తప్ప ఏమీ కనబడనప్పుడు, పుష్యమాసంలో కొల్లేటి గట్టుమీద నిలబడ్డవాడు దీన్ని కాదనలేడు. గుర్రపుడెక్క లేదన్న మాటే కానీ వెలుతురు అదే. మొసళ్లు మాత్రం మాకు అదనం.

ఆ నీళ్లలో పక్షులున్నాయి. తెల్లకొంగలు, బూడిదరంగు నారాయణపక్షులు, గులాబీ రంగు తెడ్డుమూతి కొంగలు, గూడబాతులు. వాటి నడక, రెక్కల విసురు, అడుగు చప్పుడుకు గుంపు లేచే తీరు గొప్పగా పట్టారు. ఆట వాటితో చేయించేది మాత్రం చాలావరకు చంపించడమే. ఆల్జెర్నాన్ వాస్ప్ అని సెయింట్ డెనిస్‌లో ఒక వింత మనిషి దొరుకుతాడు. దొరసానుల టోపీలకు కొంగ ఈకలు, అరుదైన పూలు తెచ్చిపెట్టమంటాడు. అది అప్పటి నిజమే. ఆ ఈకల వ్యాపారం అమెరికాలో కొంగల్ని తుడిచిపెట్టే దాకా వచ్చింది. దాన్ని ఆపడానికి లేసీ చట్టం 1900లో, అంటే ఆట కథాకాలానికి సరిగ్గా మరుసటేడు, వచ్చింది. ఆటలో కరొలైనా చిలకలు కూడా ఉన్నాయి. చంపుకుంటూ పోతే అవి అయిపోతాయి, మళ్లీ కనబడవు. నిజంలో ఆ జాతి చివరి చిలక 1918లో సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో చచ్చిపోయింది. ఇంత ఆలోచన ఉన్నవాళ్లు మిగతా పక్షుల దగ్గర ఆ లెక్క ఎందుకు వదిలేశారు? కొంగల్ని రోజూ వందల చొప్పున కాల్చినా మర్నాటికి అన్నే ఉంటాయి.

మా దగ్గర అలా జరగదని మా పెద్దలు చూశారు. 1946లో నీలకంఠన్ అనే కేరళ పక్షి పరిశోధకుడు కొల్లేటి ప్రాంతంలో గూడబాతుల కాలనీని గుర్తించి లోకానికి చెప్పినప్పుడు అక్కడ సుమారు 3000 గూళ్లున్నాయి. 1970ల మధ్యకు వచ్చేసరికి ఆ కాలనీ ఖాళీ. తర్వాత చాలా ఏళ్లకు కైకలూరు పక్కన ఆటపాకలో అవి మళ్లీ గూళ్లు పెట్టాయి. చెట్లు చాలక అటవీశాఖ ఇనుప స్టాండ్లు నిలబెడితే వాటిమీదా పెట్టాయి. మా పక్షులుండే చోటు కూడా కొంత మనిషి చేతితో చేసిందే కాబట్టి, ఆటలోది కృత్రిమమని నేను ముక్కు విరవను. నేను అడిగేది వేరు: పోయింది మళ్లీ రావడానికి ఏళ్లు పడుతుందన్న లెక్క ఆటలో కనబడాలి. ఆ చిలకల దగ్గర ఒక్కచోటే కనబడింది.

చేపల సంగతి చూద్దాం. గేలం వేసి, తీగ సడలిస్తూ లాగుతూ ఒక్కొక్క చేపతో కుస్తీ పట్టడం ఆటలో మంచి కాలక్షేపం. చిన్న చేపను నీళ్లలో వదిలేస్తే ఆర్థర్‌కి కాస్త పుణ్యం కూడా వస్తుంది. బొచ్చె, శీలావతి, ఫంగస్ టన్నుల లెక్కన పట్టి, ఐసు పెట్టెల్లో సర్ది కలకత్తా లారీ ఎక్కించే ఊళ్లలో కూర్చుని ఇది ఆడుతుంటే మాత్రం కొంచెం నవ్వొస్తుంది. మా నాన్నతరం వాళ్లయితే ‘గేలంతో ఇల్లు గడుస్తుందా?’ అనేవాళ్లు.

నా అసలు ఫిర్యాదు నీళ్లతో. బయూ న్వాలో ఎన్నిసార్లు కుండపోత కురిసినా నీటిమట్టం బెత్తెడు ఎక్కదు. మబ్బు కమ్ముతుంది, పిడుగు పడుతుంది, దారి బురదవుతుంది, ఆర్థర్ కోటు తడిసి ముద్దవుతుంది. మర్నాడు నీళ్లు నిన్నటి గీత దగ్గరే. ఎండాకాలం లేదు, వానాకాలం లేదు. వాతావరణం ఉంది కానీ రుతువుల్లేవు. కొల్లేటివాడికి చిత్తడి అంటేనే ఎక్కి దిగే నీళ్లు. బుడమేరు, తమ్మిలేరు, వాటితోపాటు ఎన్నో కాలువలు వచ్చి పడతాయి. సముద్రానికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు, ఆ నీళ్లన్నీ దిగొచ్చింది మా వైపే. పెదఎడ్లగాడి వంతెన దగ్గర మట్టం ఎంతుందో పొద్దునా సాయంత్రం కనుక్కోవడం, పెనుమాకలంక లాంటి లంక ఊళ్లకు పడవల్లో వెళ్లడం. ఎండాకాలంలో అదే సరస్సు పొలంలా ఎండి, ఉప్పుటేరులోంచి ఉప్పునీళ్లు ఎగదన్నుతాయి.

ఆటలో నీళ్లు ఎక్కి దిగకపోవడం గ్రాఫిక్స్ కార్డు చాలకపోవడం వల్ల వచ్చిన లోటు అనుకోను. నీటిమట్టం మారితే దారులు మూసుకుపోతాయి. దారులు మూసుకుపోతే మిషన్లు ఆగిపోతాయి. కథ ఎప్పుడంటే అప్పుడు, ఎక్కడంటే అక్కడ మొదలవడానికి సిద్ధంగా ఉండాలి కాబట్టి లోకం కదలకూడదు. ఆటలో మారే చోట్లు లేకపోలేదు. వాలెంటైన్ పక్కన ఒక ఇల్లు మెల్లమెల్లగా కడతారు, అడవిలో చెట్లు నరుకుతారు, రైలుపట్టా వేస్తారు. ఇవన్నీ కథకు అడ్డురాని మార్పులు. కథకు అడ్డొచ్చే మార్పుకు మాత్రం అనుమతి లేదు. పది గొంతుల ఫిర్యాదు పుట్టే చోటు ఇదేనని నా అభిప్రాయం. ఒకే ఆటలో ఇద్దరు యజమానులున్నారు. లోకం కట్టినవాళ్లు ‘నీ ఇష్టం, తిరుగు’ అంటారు. కథ రాసినవాళ్లు ‘నేను చెప్పినచోట నిలబడు’ అంటారు.

పసుపు గుర్తు మీద అడుగుపెట్టి మిషన్ మొదలుపెట్టగానే రెండో యజమాని వస్తాడు. ఫలానావాడి వెంట నడవాలి. రెండడుగులు పక్కకు వేస్తే హెచ్చరిక, ఇంకో రెండు వేస్తే మిషన్ పోయినట్టే. దొడ్డిదారిన వెళ్లి శత్రువుల వెనక చేరదామని తెలివి చూపిస్తే ‘తోటివాళ్లను వదిలేశావు’ అని మొదటికి తెస్తాడు. అరగంట క్రితం ఇదే అడవిలో ఎటు కావాలంటే అటు తిరిగిన మనిషి ఇప్పుడు పట్టాల మీద రైలు. ఐదో అధ్యాయంలో గ్వార్మా ద్వీపం అయితే పూర్తిగా అంతే. దాన్ని మెచ్చుకున్నవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. నెట్ సెంటర్లో మిషన్లను పక్కనపెట్టి బతికినవాళ్లకు ఇది చెంపదెబ్బలాంటిది. మీటల గందరగోళం సరేసరి. పలకరించడానికీ, తుపాకీ గురిపెట్టడానికీ నొక్కేది ఒకే మీట. దారినపోయే పెద్దమనిషికి నమస్కారం పెట్టబోయి అతని మొహానికి పిస్తోలు పెట్టనివాడు ఈ ఆట ఆడలేదనే చెప్పాలి.

ఇక్కడితో ఆపేస్తే తీర్పు తేలికగా చెప్పేయొచ్చు: లోకం బంగారం, మిషన్లు ఇత్తడి. అలా చెప్పనివ్వని మిషన్ ఒకటుంది. ముఠాలో లియోపోల్డ్ స్ట్రాస్ అనే వడ్డీవ్యాపారి ఉంటాడు. పేదవాళ్లకు అప్పులిస్తాడు; వసూలుకు ఆర్థర్‌ని పంపుతాడు. థామస్ డౌన్స్ అనే రైతు దగ్గరికి వెళ్లి, కంచె పక్కన, పెళ్లాం చూస్తుండగా అతన్ని కొట్టాలి. ఆటగాడికి తప్పించుకునే దారి లేదు. దగ్గుతున్న ఆ మనిషి నోట్లోంచి రక్తం ఆర్థర్ మొహం మీద పడుతుంది. చాలా గంటల తర్వాత, మనం ఆ సంగతి మర్చిపోయాక, సెయింట్ డెనిస్ వీధిలో ఆర్థర్ కుప్పకూలుతాడు. డాక్టరు క్షయ అంటాడు. 1899లో దానికి మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో.

ప్రపంచంలోని క్షయ రోగుల్లో సుమారు నాలుగో వంతు ఉన్న దేశంలో కూర్చుని ఆడేవాడికి ఆ దగ్గు ఎక్కడో అమెరికా దగ్గులా వినిపించదు. అప్పు వసూలు మరీ దగ్గర. 2006లో మా అప్పటి కృష్ణా జిల్లాలోనే అధికారులు సూక్ష్మరుణ సంస్థల శాఖలు యాభై దాకా మూయించారు. వసూళ్ల ఒత్తిడి మీద గోల పెరిగి 2010 అక్టోబరులో రాష్ట్రం ఆర్డినెన్సు తెచ్చింది. కంచె దగ్గర నిలబడి ‘వాయిదా ఎప్పుడు కడతావు?’ అనే మనిషిని చూసిన ఊళ్లకు డౌన్స్ ఇంటి సన్నివేశాన్ని వివరించనక్కర్లేదు. ఇక్కడ నాకు వేరే దారి ఇచ్చి ఉంటే నేను కొట్టేవాణ్ణి కాదు. కొట్టకపోతే ఆర్థర్‌కి జబ్బు రాదు, ఈ కథే ఉండదు. దోపిడీ మిషన్లలో నన్ను విసిగించిన ముక్కుతాడే ఇక్కడ ఆటకు నైతిక బలం. ఆరో అధ్యాయంలో కొందరి అప్పులు మాఫీ చేసే అవకాశం వచ్చినప్పుడు ఆ చిన్న స్వేచ్ఛకు అంత విలువ ఎందుకొచ్చిందంటే, ముందు అది లేదు కాబట్టి.

ఇంత బాగా ఆలోచించినవాళ్లే పరువు కొలతబద్ద ఒకటి పెట్టి సగం చెడగొట్టారు. మంచి చేస్తే ముల్లు కుడికి, చెడు చేస్తే ఎడమకు. వీధిలో కనబడ్డవాళ్లనల్లా పలకరిస్తూ, చిన్న చేపలు వదిలేస్తూ పోతే హత్యల మరక కొంచెంకొంచెంగా పోతుంది. మొదటి యజమాని పద్దుల పుస్తకం రెండో యజమాని కథకు అతకలేదు. అమెరికా మూలవాసులైన వాపిటీ తెగవాళ్లను ఉన్న నేలనుంచి తరిమే భాగం కూడా ఇలాగే సగంలో నిలిచింది. ఎక్కడో గీసిన గీత ఎవరి బతుకు ఎటు పడుతుందో తేలుస్తుందన్నది కొల్లేటి జనానికి తెలిసిన విషయం. 1999లో ఐదో కాంటూరు (నేల ఎత్తును బట్టి గీసే గీత) దాకా అభయారణ్యం అన్నారు. 2006లో ఆ గీత లోపలి చేపల చెరువుల గట్లు పేల్చారు. 2008లో దాన్ని మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానించింది. ఏ గీత సరైనదో ఇప్పటికీ ఊళ్లో రెండు పక్షాలు. ఆటలో వాపిటీల బాధకు గొంతు దొరుకుతుంది, ముసలి నాయకుడు రెయిన్స్ ఫాల్ మాటల్లో గాంభీర్యమూ ఉంది. చివరికి అదంతా ఇంకో పెద్ద కాల్పుల సన్నివేశానికి వేదిక అయింది.

భాష గురించి సమీక్షల్లో ఎక్కడా రాయరు, ఎందుకంటే రాసేవాళ్లకు అది సమస్య కాదు. ఈ ఆటలో అసలు మాటలన్నీ గుర్రం మీదే జరుగుతాయి. ఇద్దరు పక్కపక్కన స్వారీ చేస్తూ చిన్ననాటి సంగతులు, అనుమానాలు, భయాలు చెప్పుకుంటారు. అదీ పందొమ్మిదో శతాబ్దపు అమెరికా యాసలో. తెర అడుగున అక్షరాలు పదమూడు రకాల్లో వస్తాయి. భారతీయ భాష ఒక్కటీ లేదు. ఇంగ్లీషు మీడియంలో చదివినవాడికైనా ఆ యాస చెవికి ఎక్కదు, కింద చదవాల్సిందే. కింద చదువుతుంటే దారి కనబడదు, గుర్రం వెళ్లి చెట్టుకు గుద్దుకుంటుంది. దారి చూస్తే మాట పోతుంది. ఆర్థర్ ఎందుకు మారాడో అర్థం కాలేదనేవాళ్లలో చాలామంది చెట్లను తప్పించుకుంటూ ఆ మారడాన్ని వినలేకపోయినవాళ్లే.

ఈ లోకం ఎవరి చేతుల మీదుగా వచ్చిందన్న ప్రశ్న విడుదలకు ముందే లేచింది. 2018 అక్టోబరులో న్యూయార్క్ పత్రికతో మాట్లాడుతూ ఆట రచయితల్లో ఒకరైన డాన్ హౌసర్ వారానికి వంద గంటలు పనిచేసిన వారాలున్నాయని గొప్పగా చెప్పాడు. గోల లేచాక అది రాసే బృందంలో నలుగురికి, మూడు వారాలకే అని సర్దిచెప్పాడు. తర్వాత ‘కోటాకు’ అనే గేముల వార్తా సైటులో వచ్చిన పరిశోధనాకథనంలో రాత్రులూ వారాంతాలూ పోగొట్టుకున్న ఉద్యోగుల మాటలు ఇంకోలా ఉన్నాయి. మూడు లక్షల కదలికలు, ఐదు లక్షల సంభాషణలు, పన్నెండు వందలమంది నటులు. ఆ పనిలో బెంగళూరు రాక్‌స్టార్ శాఖ కూడా ఉంది. 2019లో ఆ సంస్థ అదే ఊళ్లో 1997 నుంచి ఉన్న ధ్రువ ఇంటరాక్టివ్‌ను కొని కలుపుకుంది. మనం ముచ్చటపడే ప్రతి సూక్ష్మం ఒకరి నిద్ర. అందుకని ఆడొద్దనను. అవసరం లేని సొరుగుల్లో అన్ని డబ్బాలు ఎందుకు పెట్టించారో అడుగుతాను.

ఇతర ఆటలు ఈ ఇద్దరు యజమానుల తగువును ఎలా తీర్చాయి? జెల్డా 2017లో కథను దాదాపు పక్కన పడేసింది. ఆట మొదట్లోనే చివరి శత్రువు కోటకు నడిచి వెళ్లొచ్చు. అక్కడ ఫిర్యాదు వేరు, కత్తులు నాలుగు దెబ్బలకు విరుగుతాయి, వాన పడితే కొండ జారుతుంది. 2022 నాటి ‘ఎల్డెన్ రింగ్’ దారీ చెప్పదు, కథా చెప్పదు; ఓపిక ఉన్నవాడిది రాజ్యం. 2015 నాటి ‘విచర్ 3’లో కథలు గొప్పవి, తిరుగుడు మామూలు. ఎవరూ రెండూ సాధించలేదు. ‘రెడ్ డెడ్ 2’ మీద కోపం ఎక్కువ ఎందుకంటే, సాధించడానికి అందరికంటే దగ్గరికి వచ్చింది.

తెలుగువాడి అసహనానికి ఇంకో మూలం మన కథల్లో ఉంది. మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు భాగాలుగా రాసిన ‘కాశీమజిలీ కథలు’లో మణిసిద్ధుడు కాశీకి పోతూ ఒక గోపబాలుణ్ణి తోడు తీసుకెళ్తాడు. దారిలో కనబడ్డ ప్రతి వింతకూ కథ చెప్పాలన్నది కుర్రవాడి షరతు. మజిలీకి చేరగానే కథ మొదలవుతుంది. దాంట్లోంచి ఇంకో కథ. ఇవాళ సైడ్ మిషన్లంటున్నవి అవే. అక్కడ నడిచిన దారి ఎవరికీ గుర్తుండదు, మజిలీలే గుర్తుంటాయి. ఈ ఆటలో తలకిందులు. మజిలీలు మర్చిపోతాం, దారి గుర్తుంటుంది. ‘ఇంతసేపు గుర్రమెక్కించి చెప్పిన కథ ఇదేనా?’ అని మనవాడికి అనిపిస్తే తప్పు అతనిదీ కాదు, ఆటదీ కాదు. కథ ఎక్కడుంటుందన్న అంచనాలు వేరు.

ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లు ఉంటే నా సలహా ఇది. పూర్తి ధర పెట్టకండి. పండుగ డిస్కౌంట్లలో బాగా తగ్గుతుంది. సెట్టింగుల్లో మూలనున్న చిన్న పటాన్ని తీసేయండి, దారి వెతుక్కోవడం మళ్లీ మీ పనవుతుంది. రెండో అధ్యాయంలో కథను నెట్టుకుంటూ పోకుండా వీలైనన్నాళ్లు ఉండండి. ముఠా బతికి ఉన్నదీ, ఆర్థర్ ఒళ్లు బాగున్నదీ అప్పుడే. గుర్రం మీద సంభాషణ మొదలైతే సినిమాటిక్ కెమెరా మీట నొక్కి పట్టుకోండి, గుర్రం దారిన అదే పోతుంది, మీరు నిమ్మళంగా కింద అక్షరాలు చదువుకోవచ్చు. ఆన్‌లైన్ భాగం జోలికి పోనక్కర్లేదు. సంస్థ దాన్ని పట్టించుకోవడం తగ్గించాక, 2022 జులైలో ఆటగాళ్లే నల్లబట్టలేసుకుని ఆటలో దానికి అంత్యక్రియలు జరిపారు. ఇక ఆర్థర్ కథ ముగిశాక ముఠాలోనివాడే అయిన జాన్ మార్స్టన్ ఇల్లు కట్టుకునే అనుబంధం చాలా గంటలు సాగుతుంది. విసుగొస్తే అక్కడ ఆపేసినా ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు.